తీగల నాదం విన్న శాస్త్రవేత్త – సి.వి. రామన్

(ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం, ద్వితీయ సంవత్సరం)

సి.వి. రామన్ పేరు చెప్పగానే మన హాస్టల్లో ఎవరైనా నాలుగు ముక్కలు గడగడా అప్పజెప్తారు. 1930లో నోబెల్ బహుమతి, 1954లో భారతరత్న, ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం, సముద్రం నీలంగా కనబడటానికి కారణం. గ్రూప్స్‌కు చదువుతున్న అన్నలకైతే ఇంకో రెండు తేదీలు కూడా వస్తాయి. ఎం.ఎస్సీ.లో చేరేదాకా నాకు తెలిసిందీ అంతే. వెలుతురు మీద పని చేసి నోబెల్ తెచ్చుకున్న ఆ మనిషి, దానికి ముందు చాలా ఏళ్ళు తీగలు, వయొలిన్లు, వీణలు, మృదంగాల మీద పని చేశాడని నాకు తెలియడానికి కారణం ఒక పాత గిటార్.

మా పక్క రూములో ఉండే తమ్ముడు పార్ట్‌టైం పని చేసి దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి కొన్నాడు. ఈ రకం గిటార్లో ఆరు తీగలూ వెనకనుంచి ఒక లోహపు దిమ్మ గుండా పైకి వచ్చి, బ్రిడ్జి మీదుగా మెడ వైపు సాగుతాయి. దిమ్మకు వెనకాల స్ప్రింగులుంటాయి. పైన ఉన్న కడ్డీని నొక్కితే దిమ్మ ఊగుతుంది, స్వరం వణుకుతుంది. 1954లో అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌తో ఈ ఏర్పాటును ప్రచారంలోకి తెచ్చింది. అప్పట్లో ఆ దిమ్మ ఉక్కుది. చౌక గిటార్లలో జింకు మిశ్రమం పోతపోసి పెడతారు. ఘన సెంటీమీటరుకు ఉక్కు సుమారు 7.8 గ్రాములు, ఇత్తడి 8.5, జింకు 7.1, అల్యూమినియం 2.7. దిమ్మ మారిస్తే నాదం మారుతుందనీ, ఇత్తడిది పెడితే గంటలాగా చాలాసేపు మోగుతుందనీ మా తమ్ముడు ఎక్కడో విన్నాడు. తార్నాకలో లేత్ మిషన్ మీద పని చేసే తెలిసినాయనతో ఇత్తడి దిమ్మ కోయించుకుని వచ్చాడు.

ఆ రాత్రి మా వరండాలో పెద్ద పంచాయితీ అయింది. నాదం మారిందని సగం మంది, ఏమీ మారలేదని సగం మంది. నేను భౌతికశాస్త్రం వాణ్ణి కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. ఫోన్లో రికార్డు చేసి చూశాం. పాత దిమ్మతో ఐదుసార్లు మీటితే నాదం ఐదు రకాలుగా ఆగింది. కొత్త దిమ్మతోనూ అంతే. రెండు లోహాల మధ్య తేడా కన్నా వాడి వేలికీ వాడి వేలికీ మధ్య తేడానే ఎక్కువగా ఉంది. పైగా దిమ్మ మార్చినప్పుడే తీగలూ కొత్తవి వేశాడు. ఇక తీర్పు ఏం చెప్పను! దీన్ని ఎలా కొలవాలని వెతుకుతూ పోతే దారి రామన్ దగ్గరికి తీసుకెళ్ళింది.

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు 1892లో విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళ పిల్లవాడిగా రామన్ మన తెలుగు నేలకు వచ్చారు. 11వ ఏట మెట్రిక్యులేషన్, 13వ ఏట ఎఫ్.ఏ. పరీక్ష, రెండూ విశాఖలోనే పాసయ్యారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇలాంటి సంచికల్లో గొప్పవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరినీ వీధి దీపం కింద చదివినవాళ్ళుగా రాయడం మనకు అలవాటు. రామన్ అలా చదవలేదు. వాళ్ళ నాన్న లెక్చరర్. ఇంట్లో పుస్తకాలున్నాయి. నాన్న స్వయంగా వయొలిన్ వాయించేవారు. మా ఇంట్లో నా ఇంటర్ పుస్తకాలే మొదటి పుస్తకాలు. ఈ తేడాను దాచిపెట్టి ఆయన్ని మనలాంటివాడని చెబితే ఆయనకూ మనకూ ఇద్దరికీ అన్యాయమే. అయితే ఇంట్లో వయొలిన్ ఉన్న పిల్లలు ఆ కాలంలో చాలామందే ఉండి ఉంటారు. అది ఎందుకు అలా మోగుతుందని ఇరవై ఏళ్ళు వదలకుండా అడిగినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కబెట్టేంత మందే.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఏ., భౌతికశాస్త్రంలో బంగారు పతకం. 1907లో ఎం.ఏ. చదువుతుండగానే 1906లో ఆయన మొదటి పరిశోధన వ్యాసం లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి వయసు 18. విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల మీద రాసిన గ్రంథం చదివారు. తన మీద బాగా ప్రభావం చూపిన మూడు పుస్తకాల్లో అదొకటని తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు.

ఇంత తెలివైనవాణ్ణి ఇంగ్లండుకు పంపుదామనుకున్నారు గానీ, పరీక్ష చేసిన డాక్టరు ఈ సన్నటి కుర్రాడు అక్కడి చలికి తట్టుకోలేడని తేల్చాడు. ఇక్కడ పరిశోధన చేస్తే కూడు పెట్టే ఉద్యోగం ఆ రోజుల్లో లేదు. అందుకని ఆర్థికశాఖ పరీక్ష రాశారు. మొదటి ర్యాంకు వచ్చింది. 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అదే ఏడు లోకసుందరితో పెళ్ళయింది. ఆ సంబంధం ఆయన తనకు తానే కుదుర్చుకున్నారు. ఆమెకు వీణ వచ్చు.

మన క్యాంపస్‌లో చదివే ప్రతివాడికీ తెలిసిన కథే ఇది. ఒకవైపు సర్కారు నౌకరీ, ఇంకోవైపు ఇష్టమైన చదువు. మనలో చాలామంది మొదటిది వచ్చాక రెండోది మర్చిపోవాల్సిందే అనుకుంటాం. రామన్ పదేళ్ళపాటు రెండూ మోశారు. ఒకరోజు ట్రాములో వెళ్తుండగా బౌబజార్ వీధిలో ఒక బోర్డు కనబడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ పెట్టిన సంస్థ అది. భవనం ఉంది, కొన్ని పరికరాలున్నాయి, పని చేసేవాళ్ళే పెద్దగా లేరు. లోపలికి వెళ్ళి అడిగారు, వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. అప్పట్నుంచి పొద్దున్నే లేచి ప్రయోగశాల, తర్వాత ఆఫీసు, సాయంత్రం ఆఫీసునుంచి మళ్ళీ ప్రయోగశాల, రాత్రికి ఇల్లు. మధ్యలో 1909లో రంగూన్‌కూ, తర్వాత నాగపూర్‌కూ బదిలీ అయినా 1911కల్లా మళ్ళీ కలకత్తాకే వచ్చారు. తర్వాత అసోసియేషన్ పక్క ఇంట్లోనే కాపురం పెట్టి, ఇంట్లోంచి నేరుగా లోపలికి వెళ్ళేలా తలుపు పెట్టించుకున్నారు.

అక్కడ ఆయనకు తోడు ఆశుతోష్ డే అనే సహాయకుడు. అందరూ ఆశు బాబు అనేవారు. ఆయన యూనివర్సిటీ ముఖం చూడని మనిషి. కానీ పరికరం చెయ్యాలన్నా, ప్రయోగం నడపాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆశు బాబు ఒక్కడి పేరుతో కూడా లండన్ పత్రికల్లో పరిశోధన వ్యాసం వచ్చింది. రామన్ జీవితంలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

ఆ రోజుల్లో రామన్ పట్టుకున్న ప్రశ్నలు చూడండి. 1909లోనే ఏక్‌తార మీద ఒక వ్యాసం రాశారు. ఊళ్ళల్లో తత్వాలు పాడుకుంటూ తిరిగేవాళ్ళ చేతిలో ఉండే ఒంటి తీగ వాయిద్యమే అది. దాని మీద శాస్త్ర పత్రికలో రాయొచ్చని ఎంతమందికి తడుతుంది? తర్వాత వయొలిన్, చెల్లో. చెల్లో అంటే కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది.

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. లెక్కలు లేవు, భయపడకండి.

తీగ సన్నటిది. తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కదలిక బ్రిడ్జి గుండా కింది చెక్కకు దిగాలి. వీణ చేసేవాళ్ళు ఈ బ్రిడ్జిని గుర్రం అంటారు, తీగలు దాని మీద స్వారీ చేస్తాయి కాబట్టి. చెక్క వెడల్పుగా ఉంటుంది కనుక గాలిని బాగా కదుపుతుంది, మనకు వినబడుతుంది. చిక్కు ఏమిటంటే, శక్తి చెక్కకు ఎంత తొందరగా దిగిపోతే నాదం అంత పెద్దది, కానీ తీగ అంత తొందరగా ఆగిపోతుంది. గుర్రం బరువుగా, కదలకుండా ఉంటే శక్తి మళ్ళీ తీగలోకే తిరిగివస్తుంది. నాదం సన్నగానైనా చాలాసేపు నిలుస్తుంది. స్కాలర్‌షిప్ పడిన వారంలోనే ఊదేసేవాడికీ, సెమిస్టరంతా సర్దుకునేవాడికీ ఉన్న తేడా అన్నమాట. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

చెల్లోలో ఒకానొక స్వరం దగ్గర తీగ కంపించే వేగం, చెక్క తనంతట తాను కంపించే వేగం ఒకటవుతాయి. అప్పుడు చెక్క తీగలోని శక్తిని విపరీతంగా లాగేస్తుంది. కమాను ఇచ్చేది చాలదు. స్వరం నిలవదు, గరగరమని ఊగిసలాడుతుంది. పాశ్చాత్య వాద్యకారులు దీన్ని తోడేలు స్వరం అంటారు. 1916లో రామన్ తీగ కదలికనూ, చెక్క కదలికనూ ఒకేసారి ఫొటో తీసి, ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తగ్గడం, మళ్ళీ అటుదిటు కావడం చూపించారు. గుర్రం మీద చిన్న బరువు తగిలిస్తే ఈ తోడేలు ఉండే చోటు కింది స్వరానికి జరుగుతుందని కూడా చూపించారు. 1917లో వయొలిన్ మ్యూట్ మీద నేచర్ పత్రికలో రాశారు. మ్యూట్ అంటే గుర్రం మీద తొడిగే చిన్న క్లిప్పు లాంటిది. చెక్కతోనో, లోహంతోనో చేస్తారు. దాన్ని తొడిగితే వయొలిన్ గొంతు మెత్తబడుతుంది. కారణం అది గుర్రానికి చేర్చే బరువు. ఎక్కువ వేగంతో కంపించే పై స్వరాలకు ఆ బరువు కదిలించలేనంత భారమవుతుంది కాబట్టి అవి చెక్కకు దిగలేక తగ్గిపోతాయి.

మా తమ్ముడి ఇత్తడి దిమ్మ ప్రశ్న సరిగ్గా ఇదే, ఒక్క తేడాతో. ఎలక్ట్రిక్ గిటార్లో గాలిని కదిపే పని చెక్కది కాదు. తీగ కింద ఉన్న అయస్కాంతపు పికప్ ఉక్కు తీగ కదలికను నేరుగా పట్టుకుని విద్యుత్తుగా మారుస్తుంది. కాబట్టి బ్రిడ్జి ఎంత బరువైనా శబ్దం చిన్నదవుతుందన్న బెంగ లేదు. బరువైన దిమ్మ తీగలోని శక్తిని కాస్త ఎక్కువసేపు తీగలోనే ఉంచగలదు. కానీ జింకునుంచి ఇత్తడికి మారితే బరువులో వచ్చే తేడా ఐదో వంతు మాత్రమే. అల్యూమినియంనుంచి ఇత్తడికైతే మూడు రెట్లు. అక్కడ తేడా వినబడితే ఆశ్చర్యపడను. ఇక్కడ వినబడిందంటే మాత్రం, కొత్త తీగల సంగతి ముందు తేల్చమంటాను.

1917లో రామన్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పని చేసిన అశుతోష్ ముఖర్జీ ఆయన్ని పాలిత్ ప్రొఫెసర్‌గా పిలిచారు. జీతం దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదవికి ఎంపికైనవాళ్ళు విదేశాల్లో శిక్షణ పొంది రావాలని నియమం ఉండేది. రామన్ వెళ్ళనన్నారు, నియమాన్నే సడలించారు. నేను ఇది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అప్పటికి ఆయనకు పదేళ్ళ సర్వీసు, ఇంట్లో వెనకా ముందూ చూసుకునే వెసులుబాటు ఉన్నాయి. నాకు ఉద్యోగం వస్తే ఊళ్ళో అప్పు తీరుతుంది, చెల్లె చదువు ఆగదు. కాబట్టి ఆయన చేసింది చూసి రేపే పి.హెచ్‌డి.లో చేరతానని నేను చెప్పలేను. ఆయన ఉద్యోగం చేసిన పదేళ్ళలో చేసిన పని మాత్రం నన్ను వదలడం లేదు. తోడేలు స్వరం, మ్యూట్, అన్నీ అకౌంట్స్ ఆఫీసులో పని చేస్తూ పొద్దున, రాత్రి చేసినవే.

వయొలిన్ మీద ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1920 నాటిది. వాయించేవాడి చెయ్యి ప్రతిసారీ మారుతుంది. కమాను ఎంత ఒత్తిడితో, ఎంత వేగంతో, గుర్రానికి ఎంత దూరంలో తీగను తాకుతోందో చెయ్యితో వాయిస్తే కొలవలేం. అందుకని ఆయన వయొలిన్‌ను యంత్రంతో వాయించారు. మామూలుగా వయొలిన్ కదలదు, కమాను కదులుతుంది. ఆయన తిరగేశారు. కమానును ఒకచోట పట్టి ఉంచి వయొలిన్‌ను బండి మీద పెట్టి ముందుకూ వెనక్కూ నడిపారు. నాదం నిలవాలంటే కమాను కనీసం ఎంత ఒత్తాలి, వేగం పెంచితే ఎంత, గుర్రానికి దూరం జరిగితే ఎంత, స్వరం మారితే ఎంత అని ఒక్కొక్కటీ కొలుచుకుంటూ పోయారు. ఒక్కటి మారుస్తున్నప్పుడు మిగతావన్నీ కదలకుండా ఉంచారు.

మా వరండాలో జరిగిన తప్పేమిటో అప్పుడు తెలిసింది. దిమ్మ మార్చాం, తీగలు మార్చాం, వేలు మార్చాం, మార్చనిది ఏదీ లేదు!

1921లో ఆయన మన వీణ, తంబుర దగ్గరికి వచ్చారు. వయొలిన్ గుర్రం మేపుల్ అనే చెక్కతో చేసిన పల్చటి పలక. తీగ దాని అంచు మీద ఆనుతుంది. మన వీణ గుర్రం అలా ఉండదు. చెక్క దిమ్మ మీద కంచుదో ఇత్తడిదో రేకు అతికిస్తారు. ఆ రేకు చదునుగా ఉండదు, కొద్దిగా వంపు తిరిగి వెడల్పుగా ఉంటుంది. తీగ దాన్ని అంచు దగ్గర వదలకుండా ఆ వంపును రాసుకుంటూ కంపిస్తుంది. తంబురలో ఇంకో ఉపాయం: తీగకూ గుర్రానికీ మధ్య సన్నటి దారం పోగు దూరుస్తారు. దాన్ని జీవ అంటారు. పోగును ఒక్క వెంట్రుకవాసి జరిపితే మూగగా ఉన్న తంబుర ఝుమ్మని లేస్తుంది.

యూరపు శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం ఒకటుంది. తీగను సరిగ్గా మధ్యలో మీటితే, మధ్యలో కదలిక లేని పై స్వరాలు పుట్టవు. మామూలు గుర్రం ఉన్న వాయిద్యాలకు ఇది సరిపోతుంది. తంబురలో, వీణలో ఆ స్వరాలు పుట్టకూడని చోట మీటినా బ్రహ్మాండంగా వినబడుతున్నాయని రామన్ చూపించారు. తీగ ఊగినప్పుడల్లా వంపు రేకును తాకుతూ వదులుతూ ఉండటం వల్ల లేని స్వరాలకు శక్తి అందుతుంది. అంటే గుర్రం తీగను మోయడంతో ఆగకుండా, ఏ స్వరాలు ఉండాలో తానే నిర్ణయిస్తోంది. ఇక్కడ లోహం పేరు కన్నా, కారిగరు ఆకురాయితో ఆ రేకుకు ఇచ్చిన వంపు ముఖ్యం. మన బొబ్బిలిలోనూ నూజివీడులోనూ పనస చెక్కతో వీణలు చేసేవాళ్ళకు ఈ సంగతి తరతరాలుగా చేతి వేళ్ళకు తెలుసు.

ఆ ఏడాదే ఆయన మొదటిసారి ఇంగ్లండు వెళ్ళారు, విశ్వవిద్యాలయాల సభకు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కింద గుసగుసలు వినబడే వసారాలో కూడా ప్రయోగాలు చేశారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీదనుంచి మధ్యధరా సముద్రం నీలాన్ని చూశారు. అక్కడినుంచి 1928 ఫిబ్రవరి 28 దాకా జరిగిందంతా మీకు పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి రాయను. ఆ పనిలో కె.ఎస్. కృష్ణన్ పాత్ర చాలా ఉందని మాత్రం గుర్తుపెట్టుకోండి, పుస్తకాల్లో ఆ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ సంగీతం పనిని కూడా ప్రపంచం గుర్తించింది. 1927లో జర్మనీలో వచ్చిన భౌతికశాస్త్ర మహాగ్రంథంలో సంగీత వాయిద్యాల అధ్యాయం రాసింది రామనే.

ఆ వెలుతురు పని మన క్యాంపస్ దాకా వచ్చింది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పారు, రామన్ ఫలితం మీద పుస్తకం రాశారు. తర్వాత మన ఉస్మానియాకు వచ్చి 1952నుంచి 1957 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. మనం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని టీ తాగే చోట ఒకప్పుడు రామన్ శిష్యుడు నడిచాడన్నమాట. ఇప్పుడు తార్నాకనుంచి హబ్సిగూడ వైపు బస్సులో వెళ్తుంటే వరసగా కనబడే పరిశోధన సంస్థల్లో రాళ్ళనూ రసాయనాలనూ గుర్తుపట్టడానికి రామన్ పేరున్న యంత్రాలు వాడుతున్నారు.

1933లో రామన్ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టరయ్యారు. అక్కడ పాలకమండలితో గొడవలు వచ్చి 1937లో ఆ పదవి వదిలేసి, ప్రొఫెసర్‌గా 1948 వరకు కొనసాగారు. ఆయన నోరు కఠినమని, ఎవరి మాటా వినరని పేరు. ఒక సంగతి మన చెల్లెళ్ళు తెలుసుకోవాలి. 1933లో బొంబాయినుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి మంచి మార్కులతో వచ్చి సీటు అడిగితే, ఆడపిల్లనని తీసుకోనన్నారు. ఆమె కదలకుండా పట్టుబట్టింది. చివరికి ఏడాదిపాటు పని చూస్తామనే షరతు మీద చేర్చుకున్నారు. ఆమే తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు తెచ్చుకున్న కమలా సొహోనీ. విదేశాలకు వెళ్ళాలన్న నియమం తన కోసం సడలితే ఒప్పుకున్న మనిషి, ఒక అమ్మాయి కోసం లోపలి నియమం సడలించడానికి ఇంత సతాయించాడు. గొప్ప శాస్త్రవేత్త అయినంత మాత్రాన ఇది మాఫీ కాదు.

బెంగుళూరులో ఉండగా 1934లో ఆయన మళ్ళీ మృదంగం తీసుకున్నారు. 1920లోనే శివకాళి కుమార్‌తో కలిసి దాని మీద నేచర్‌లో ఒక వ్యాసం రాశారు. మామూలు తోలు వాయిద్యానికి స్వరం ఉండదు, చప్పుడే ఉంటుంది. ఎందుకంటే తోలు కంపించే రకాలు ఒకదానితో ఒకటి లెక్క కుదరవు. మృదంగం కుడివైపు తోలు మధ్యలో నల్లటి ముద్ద ఉంటుంది చూడండి, కరణి అంటారు. ఇనుము ఉన్న రాతిపొడిని అన్నం జిగురుతో కలిపి పొర మీద పొర వేసి, ప్రతి పొరనూ రాయితో రుద్దుతారు. ఆ బరువు మధ్యలో చేరడం వల్ల తోలు కంపించే తొమ్మిది రకాలు ఐదు స్వరాల గుంపులుగా సర్దుకుని, తీగలాగా లెక్క కుదురుతాయని రామన్ తోలు మీద సన్నటి ఇసుక చల్లి చూపించారు. గుర్రం మీద బరువు పెట్టి వయొలిన్ గొంతు మార్చిన మనిషికి, తోలు మీద బరువు పెట్టి మృదంగానికి గొంతు ఇచ్చినవాళ్ళ గొప్పతనం వెంటనే తెలిసి ఉంటుంది. ఆ ఘనతను ఆయన ప్రాచీనులకు ఇచ్చారు.

నాకు అక్కడ కొంచెం వెలితిగా అనిపించింది. ప్రాచీనులెవరో కనిపెట్టి ఉండొచ్చు. కానీ ఆయన ప్రయోగం చేసిన మృదంగానికి తోలు ఎంచి, నానబెట్టి, బిగించి, ముద్ద రుద్దిన చేతులు ఆ కాలపువే. దక్షిణాదిలో ఆ పని ఎక్కువగా చేసేది తోలు పని కులాలవాళ్ళు. కచేరీ కరపత్రం మీద వాయించేవారి పేరు ఉంటుంది, చేసినవారి పేరు ఉండదు. 2020లో గాయకుడు టి.ఎం. కృష్ణ సెబాస్టియన్ అండ్ సన్స్ అనే పుస్తకంలో ఆ కుటుంబాల గురించి రాశారు. మనవాళ్ళు చదవాల్సిన పుస్తకం. ఆశు బాబుకు తన పేరుతో వ్యాసం దక్కినట్టు, ఆ కారిగర్లలో ఒక్కరికైనా దక్కి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

1948లో రామన్ బెంగుళూరులోనే తన పేరుతో పరిశోధనాలయం పెట్టుకుని, ప్రభుత్వ డబ్బు వద్దని చివరిదాకా అక్కడే పని చేశారు. రంగులు, రత్నాలు, పువ్వులు, కన్ను ఎలా చూస్తుంది, ఇవి చివరి రోజుల్లో ఆయన ప్రశ్నలు. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆ ఆవరణలోనే దహనం చేశారు. అక్కడ స్తూపం లేదు, ఒక చెట్టు ఉంది.

మా తమ్ముడి గిటార్ పంచాయితీ ఇంకా తేలలేదు. ఈసారి వేలితో మీటొద్దని ఒప్పందం చేసుకున్నాం. సన్నటి రాగి తీగను గిటార్ తీగకు తగిలించి తెగేదాకా లాగితే, ఒకే రకం రాగి తీగ ప్రతిసారీ దాదాపు ఒకే బలం దగ్గర తెగుతుంది. కాబట్టి ప్రతి మీటూ ఒకేలా ఉంటుంది. పాత మోటారు వైండింగులోంచి రాగి తీగ సంపాదించాం. దిమ్మలు రెండూ, ఒకే రకం తీగల సెట్లు రెండూ సిద్ధంగా ఉన్నాయి. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చేస్తాం, చూడాలనుకున్నవాళ్ళు వరండాకు రావచ్చు.

ఈలోగా దసరాకు ఊరికి పోతున్నాను. మా తాత డప్పు కడతాడు. మేకతోలును కట్టె చట్రానికి బిగించి, కొట్టేముందు మంట దగ్గర కాగబెడతాడు. తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, మోత లేస్తుంది. డప్పుకు కరణి లేదు కాబట్టి మృదంగంలాగా స్వరాలు కుదరవు. అయినా కాగకముందు ఒకసారి, కాగిన తర్వాత ఒకసారి దాని మీద సన్నటి ఇసుక చల్లి, ఏ బొమ్మలు లేస్తాయో ఫోన్లో తీసుకుని రావాలని ఉంది. దసరా పూట డప్పు మీద మట్టి పోస్తానంటే తాత ఏమంటాడో చూడాలి.